విజయనగరం ఫ్లెక్సీ షాపులో విమానం ప్యానెల్ ప్రింట్: ఒక కొత్త ఇన్‌స్ట్రక్టర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పుట్టినరోజు బ్యానర్ల రివ్యూ కాదు. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్తుంటే ఒక సందులో చిన్న ఫ్లెక్సీ షాపు ఉంది, అక్కడ సెస్నా 172 అనే చిన్న విమానం ప్యానెల్‌ని (పైలట్ ముందుండే మీటర్ల బోర్డుని) అసలు సైజులో ప్రింట్ చేయించాను. నాకు అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఈమధ్యే వచ్చింది. పని వేరే రాష్ట్రంలో, వానల వల్ల ఫ్లయింగ్ సరిగ్గా సాగక ఇంటికొచ్చాను. ఇక్కడ ఖాళీగా కూర్చుంటే చెయ్యి సంగతి అలా ఉంచండి, నోరు మొద్దుబారిపోతుంది.

నోరు అని ఊరికే అనలేదు. ఇన్‌స్ట్రక్టర్ అంటే బాగా నడిపేవాడని అందరూ అనుకుంటారు గానీ, నడపడం సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, కావాల్సిన 200 గంటల్లో ఎలాగూ వస్తుంది, చిక్కంతా ఆ గంటలు దాదాపుగా ఎడమ సీటులో ఎగిరినవి కావడం. పాఠం చెప్పేటప్పుడు కూర్చోవాల్సింది కుడి సీటులో. ఇన్నాళ్లూ కుడి చేతిలో ఉన్న థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచి తగ్గించేది) ఎడమ చేతికి వస్తుంది, యోక్ (విమానం స్టీరింగ్) కుడి చేతికి పోతుంది, మాస్టర్ స్విచ్, ఇగ్నిషన్ తాళం రెండూ ప్యానెల్‌కి ఆ చివర స్టూడెంట్ మోకాలి దగ్గరుంటాయి, తిన్నగా దిగుతున్నా ముక్కు పక్కకి తిరిగినట్టే కనిపిస్తుంది. వీటన్నిటి మధ్యా ఆపకుండా మాట్లాడాలి. దాన్ని మేం ప్యాటర్ అంటాం, చెయ్యి కదిలే క్షణానికే మాట పడాలి. "లెఫ్ట్ రడ్డర్ పెడల్ నొక్కుతున్నా, ముక్కు ఎటు పోతోందో చూడు" అనేది రెండు సెకన్లు లేటైతే ముక్కు ఎప్పుడో తిరిగిపోయి ఉంటుంది, స్టూడెంట్ చూసేది ఇంకేదో అవుతుంది. పెట్రోలు కాలుతుండగా ఇది ప్రాక్టీస్ చేయడం నా జీతానికి కుదిరేది కాదు. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ గేములు ఉన్నాయి కానీ అవి తెరవగానే ఎడమ సీటులోనే కూర్చోబెడతాయి, పైగా యోక్, పెడల్స్ కొనాలంటే వేలల్లో మాట. అందుకే ప్యానెల్ బొమ్మ ముందు కూర్చుని ప్రాక్టీస్ చేద్దామనుకున్నా.

ఇక షాపు. ఓనరు గారు పెద్దాయన, ఫోన్‌లో ఫొటోలు చూసి "ఇదేటి బాబూ, లారీదా?" అన్నారు. విమానం అనగానే కుర్చీ వేసి, భోగాపురంలో ఎప్పుడు ఎక్కిస్తావు, మన శ్రీకాకుళం ఎంపీ గారే విమానాల మంత్రి కదా నీకేటి లోటు అని టీ తెప్పించారు. రామ్మోహన్ నాయుడు గారికీ నా ఉద్యోగానికీ ఏ సంబంధం లేదని చెప్పినా నమ్మినట్టు లేదు. (మా బంధువులూ అంతే. పెద్ద విమానం ఎప్పుడు నడుపుతావంటారు, కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకి 1500 గంటలు ఎగరాలి అత్తా అంటే, అంటే వచ్చే సంక్రాంతికా అంటారు.)

డిజైన్ చేసే కుర్రాడు మాత్రం గట్టివాడు. విమానం ఆపి ఉన్నప్పుడు నేను ముక్కలు ముక్కలుగా తీసిన ఫొటోలని ఫొటోషాప్‌లో అతుకు కనపడకుండా కలిపేశాడు, ఆల్టిమీటర్ (ఎత్తు చూపించే మీటర్) అద్దంలో పడిన నా చొక్కా నీడ కూడా తుడిచేశాడు. దాంతోపాటు పదివేల అడుగులు చూపించే మూడో సూదిని కూడా గీత అనుకుని చెరిపేశాడు! ట్రైనర్ విమానంలో ఆ సూది సున్నా దగ్గర నుంచి పెద్దగా కదిలేది లేదు కాబట్టి వదిలేశాను. కానీ మొదటి ప్రింటులో మీటర్లన్నీ కోడిగుడ్ల మాదిరి వచ్చాయి, షీటు సైజుకి సరిపోవాలని బొమ్మని అడ్డంగా సాగదీశారు. చూపించగానే మారుమాట లేకుండా మళ్లీ వేసిచ్చారు, ఎక్స్‌ట్రా అడగలేదు. నాలుగు స్టార్లలో ఒకటి అందుకే.

మామూలు ఫ్లెక్స్ మీద వేయించకండి, ముడతలు పడుతుంది, ట్యూబ్‌లైట్ వెలుగు మీటర్ల మీద మెరుస్తుంది. వినైల్ వేయించి, మ్యాట్ లామినేషన్ చేయించి, సన్‌బోర్డ్ మీద అతికించమనండి. 172 క్యాబిన్ వెడల్పు దాదాపు 40 అంగుళాలు, ఆ లెక్క ముందే కాగితం మీద రాసివ్వండి. నాకు వెయ్యి లోపే అయింది.

ఇంట్లో గోడకి ఆనించి, ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఎడమ కుర్చీలో మా చెల్లిని కూర్చోబెడుతున్నా. దానికి విమానం గురించి ఏమీ తెలీదు, అదే మంచిదైంది. స్టాల్ (ముక్కు మరీ పైకెత్తితే రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) గురించి చెబుతూ "ఇప్పుడు ముక్కు కిందికి వదులు" అంటే, యోక్ బదులు చేతిలో ఉన్న పళ్లెం గట్టిగా వెనక్కి లాగేసింది, భయపడ్డ స్టూడెంట్ కూడా సరిగ్గా అదే చేస్తాడు. ఆ క్షణంలో "ఐ హ్యావ్ కంట్రోల్" (ఇక విమానం నా చేతిలో) అనడానికి నా నోరు ఎంత లేటవుతుందో అక్కడే తెలిసింది. మరీ తొందరగా లాక్కుంటే స్టూడెంట్ నేర్చుకోడు, ఆలస్యం చేస్తే ఇద్దరికీ ప్రమాదం, ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఏ పుస్తకంలోనూ అంకె వేసి లేదు. ఇంకో రోజు ల్యాండింగ్ పాఠం అయ్యాక చెల్లి, "అన్నయ్యా, నువ్వు ఊపిరి తీసుకోకుండా చెప్పావు, నేను ఒక్కసారి కూడా ఏమీ చెయ్యలేదు" అంది. అప్పట్నుంచి ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తడం) దగ్గర నా మాటలు రెండే: "రన్‌వే చివర చూడు", "ఆగు". స్టూడెంట్‌ని మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపే అధికారం అసిస్టెంట్‌కి లేదు, ఆ సంతకం సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌దే. కానీ ఆయన ముందు స్టూడెంట్ తడబడితే చూపులన్నీ తిరిగేది నా వైపే, ఆ టెన్షన్ వేరు.

లోపాలు కూడా చెప్పాలి. బొమ్మ చదునుగా ఉంటుంది కాబట్టి అసలు విమానంలో కుడి సీటు నుంచి ఎయిర్‌స్పీడ్ మీటర్‌ని ఏటవాలుగా చూసినప్పుడు సూది పక్క అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది చూడండి, ఆ తేడా దీని మీద రాదు. 172ఎస్ మోడల్‌లో ఇంజన్ ఆగితే 68 నాట్ల వేగం పట్టుకోవాలి, ఆ సూదిని కుడి పక్క నుంచి సరిగ్గా చదవడం మాత్రం విమానంలోనే అలవాటవ్వాలి. మీటర్ మీద ఆకుపచ్చ రంగు కూడా కాస్త నీలంగా పడింది.

సిరిమానోత్సవం దగ్గర పడ్డాక మాత్రం వెళ్లకండి, షాపు నిండా పైడితల్లి అమ్మవారి ఫ్లెక్సీలే, మీ పని పక్కన పడిపోతుంది. ఫొటోలు వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఫోన్‌పే ఉంది. 5కి 4.