ఆల్‌స్టార్ రేస్‌కి ఏ ట్రాక్ మేలు: షార్లెట్టా, నార్త్ విల్క్స్‌బరోనా?

మే నెల వచ్చిందంటే అమెరికాలోని షార్లెట్‌లో నాస్కార్ (అక్కడి కార్ రేసుల పోటీ) చూసే మన తెలుగు మిత్రులు ఇదే అడుగుతారు: "అన్నా, ఆల్‌స్టార్ రేస్ మన ఊళ్లో ఉన్నప్పుడే బాగుండేది కదా?" 2026కి దాన్ని నార్త్ విల్క్స్‌బరో నుంచి డోవర్‌కి మార్చాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది.

ఆల్‌స్టార్ అంటే నాస్కార్ మేటి డ్రైవర్ల ప్రత్యేక రేస్. ఇందులో సీజన్ ఛాంపియన్‌షిప్‌కి లెక్కకొచ్చే పాయింట్లు ఉండవు. గెలిచినవాడికి పది లక్షల డాలర్లు వస్తాయి. రెండో స్థానంలో వస్తే ఛాంపియన్‌షిప్ లెక్కల్లో ఒరిగేదేమీ లేదు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: చివరి పది ల్యాప్‌లలో (చుట్లలో) వెనకున్నవాడికి ముందుకెళ్లే దారి ఉందా, లేదా?

షార్లెట్ పక్షాన చరిత్ర గట్టిగా నిలబడుతుంది. 1985లో మొదటి రేస్ అక్కడే జరిగింది, డారెల్ వాల్ట్రిప్ గెలిచాడు. 1986లో అట్లాంటాకి వెళ్లినా మరుసటి ఏడే తిరిగొచ్చి, 2019 దాకా అక్కడే ఉంది. 1987లో బిల్ ఎలియట్‌తో తగిలి గడ్డిలోకి దిగిన డేల్ ఎర్న్‌హార్ట్ ఆధిక్యం వదలకుండా ట్రాక్ మీదికొచ్చాడు. 1989లో రస్టీ వాలెస్ తగలడంతో వాల్ట్రిప్ కారు గిర్రున తిరిగింది, పిట్‌లో (టైర్లు మార్చే చోట) రెండు టీమ్‌ల సిబ్బంది కొట్టుకున్నారు. 1992లో తొలిసారి దీపాల వెలుగులో జరిగిన రేస్‌లో డేవీ ఆలిసన్ గీత దాటుతూనే కైల్ పెటీతో తగిలి గోడను గుద్దాడు. గెలిచినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈ రేస్‌ని విడతలుగా నడిపేవాళ్లు, ఈ మూడు ముగింపులూ పది ల్యాప్‌ల చివరి విడతలో వచ్చినవే. పైగా టీమ్‌ల వర్క్‌షాపులు ఎక్కువగా షార్లెట్ చుట్టుపక్కలే. మెకానిక్‌లు రాత్రికి ఇంటికెళ్లి పడుకోవచ్చు.

కానీ అదే పది ల్యాప్‌ల విడత 2017లోనూ పెట్టారు. ఆ విడత మొదలైన రీస్టార్ట్‌లో కైల్ బుష్ ముందుకు దూకాడు, అంతే, మళ్లీ ఎవరికీ అందలేదు. షార్లెట్ లాంటి మైలున్నర ట్రాక్ మీద ముందున్న కారుకి తేట గాలి దొరుకుతుంది, వెనకున్న కారుకి ఆ గాలి చెదిరి పట్టు తప్పుతుంది. డ్రైవర్ ఎంత మొనగాడైనా చేయగలిగింది తక్కువ. 2018లో ఇంజిన్‌కి గాలి తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేట్ బిగించి, కారు వెనక గాలికి అడ్డుగా ఉండే స్పాయిలర్ పలక ఎత్తు పెంచి మరీ కార్లను దగ్గరగా ఉంచాల్సి వచ్చింది.

నార్త్ విల్క్స్‌బరో 0.625 మైళ్ల ట్రాక్. ముందు వైపు నేరుగా ఉన్న దారి పల్లానికి దిగుతుంది, వెనక వైపుది ఎక్కుతుంది. వేగం తక్కువ కాబట్టి ముందువాణ్ణి బంపర్‌తో కాస్త పక్కకి జరిపినా ప్రాణం మీదికి రాదు. 1996లో కప్ రేసులు (నాస్కార్‌లో అగ్రశ్రేణివి) ఆగిపోయి, గడ్డి మొలిచిన ఆ ఊరి ట్రాక్‌కి 2023లో ఈ రేస్ తిరిగి వచ్చినప్పుడు స్టాండ్లలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. పాత తారు టైర్లను తినేసేది. పెనాల్టీతో వెనకబడ్డ కైల్ లార్సన్ కొత్త టైర్లతో అందరినీ దాటుకుంటూ వచ్చి గెలిచాడు.

దీనికీ లోపముంది, దాచను. కొత్త తారు వేశాక 2024లో జోయీ లొగానో 200 ల్యాప్‌లలో 199 ముందే నడిచాడు. చిన్న ట్రాక్ కావడం ఒక్కటే చాలదని ఆ రాత్రి తేలిపోయింది. 2025లో మాత్రం కొద్ది ల్యాప్‌లే మిగిలి ఉండగా క్రిస్టఫర్ బెల్ లొగానోను రాసుకుంటూ దాటేశాడు. నాకు కావలసింది అదే.

ఈ రేస్ వెళ్లిన మిగతా ట్రాక్‌ల గురించి రెండు ముక్కల్లో: 2020 బ్రిస్టల్ బాగానే ఉంది, కానీ అక్కడ ఎలాగూ పాయింట్ల రేసులున్నాయి. 2021, 2022 టెక్సాస్ వద్దే వద్దు. డోవర్ మైలు కాంక్రీట్ ట్రాక్, దాని మీద నాకు పెద్ద ఆశ లేదు.

నా ఓటు విల్క్స్‌బరోకే. 2026 జులై నుంచి అక్కడ పాయింట్ల రేస్ ఉంది కదా, ఆల్‌స్టార్ ఎందుకు అనేవాళ్లున్నారు. పాయింట్లున్న రోజు బంపర్ తగిలించే ముందు డ్రైవర్ వందసార్లు ఆలోచిస్తాడు. ఆల్‌స్టార్ రాత్రి ఆ బెంగ ఉండదు. చివర్లో అందరినీ ఆపి, పది ల్యాప్‌లు విడిగా పరుగెత్తించాలి. షార్లెట్ నుంచి తెచ్చుకోవలసింది అదొక్కటే.