పాలకొల్లు దగ్గర నాన్నల బైబిల్ క్లాసులు: తప్పకుండా వెళ్లండి

మా పక్క ఊరి చర్చిలో ఆదివారం సాయంత్రాలు తండ్రుల కోసం బైబిల్ క్లాసులు పెడుతున్నారు, ఫీజు లేదు, ఏ సంఘం వాళ్లైనా రావచ్చు. నాకు చాలా నచ్చాయి.

పాస్టరుగారు మంచి తండ్రులతో కాదు, ఓడిపోయిన తండ్రులతో మొదలుపెట్టారు. యాజకుడైన ఏలీ తన కొడుకులు చేసే తప్పులన్నీ తెలిసి కూడా వాళ్లను అడ్డుకోలేదు. దావీదైతే తన కొడుకు అదోనీయాను "ఎందుకిలా చేశావు" అని ఒక్కసారి కూడా అడిగి నొప్పించలేదని 1 రాజులు 1:6లో ఉంది, అంత పెద్ద రాజుకి ఇంట్లో నోరు రాలేదన్నమాట. రాత్రంతా రొయ్యల చెరువు మీదే ఉండి, పొద్దున్న పిల్లాడు బడికి వెళ్లే టైముకి నిద్రపోయే నాన్నలు మా వైపు ఎంతమందో! ఆ వచనం దగ్గర ఒక పెద్దాయన లేచి, మా వాడు ఏం చదువుతున్నాడో కూడా నాకు తెలియదండీ అన్నారు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కొడుకు కథ పాఠం ఇంకా బాగుంది. ఇల్లు వదిలి వెళ్లి తిరిగొచ్చిన చిన్నకొడుకు దగ్గరే ఆగిపోకుండా, తమ్ముడికి విందు చేశారని అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకు కోసం కూడా తండ్రి ఇంట్లోంచి బయటికి వచ్చి బతిమాలాడని వివరంగా చెప్పారు. అబ్బ, అది విని తీరాలి!

యాకోబు తన కొడుకుల్లో యోసేపు మీద చూపిన పక్షపాతం మాత్రం హడావిడిగా ముగించారు. మైకు సరిగ్గా లేదు, వెనక వరసలకి వినపడదు, ముందే వెళ్లి కూర్చోండి. రికార్డింగ్ కూడా పెడితే గల్ఫ్‌లో ఉన్న మన నాన్నలు వింటారు, నిర్వాహకులు ఆలోచించాలి.