వీడియో ఎన్‌కోడింగ్‌కి ఆడియో: కోడెక్ ప్యాకా, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగా? ఏది మేలు?

పాత పెళ్ళి క్యాసెట్‌ని డిజిటల్ చేయించి ఇంటికి తెచ్చుకుంటారు. ఫైలు మరీ పెద్దదని ఎంపీ4గా మార్చబోతే బొమ్మ వస్తుంది, మాట రాదు. లేదా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో జాబితా తెరిస్తే ఏఏసీ (ఎంపీ4 వీడియోల్లో మామూలుగా ఉండే ఆడియో రకం) కనబడదు. ఎవరిని అడిగినా ఒకటే సలహా: "కోడెక్ ప్యాక్ వేసెయ్." కోడెక్ అంటే ధ్వనినీ బొమ్మనీ కుదించే, విప్పే చిన్న ప్రోగ్రామ్; అలాంటివి కొన్ని కలిపి ఇచ్చేదే ప్యాక్. ఒకప్పుడు అది సరైన సలహాయే. ఇప్పుడు చాలామందికి దానితో పని లేదని గట్టిగా చెప్తాను.

కె-లైట్ లాంటి ప్యాక్‌లు ప్రధానంగా వీడియోలు ప్లే చేసుకోవడానికి. వాటిలోని ఎల్‌ఏవీ ఫిల్టర్లు విండోస్‌లోని డైరెక్ట్‌షో పద్ధతిలో కూర్చుని, ఫైల్లో ఉన్న ధ్వనిని విప్పి ప్లేయర్‌కి అందిస్తాయి. అది డీకోడింగ్. మనకు కావాల్సింది ఎన్‌కోడింగ్, అంటే ధ్వనిని కుదించి కొత్త ఫైల్లోకి రాయడం. పాత విండోస్‌లో ఆ పనికి ఏసీఎం అనే ఏర్పాటు ఉండేది. వర్చువల్‌డబ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఆడియో కంప్రెషన్ నొక్కితే, సిస్టమ్‌లో ఏ ఏసీఎం కోడెక్‌లు ఉంటే అవే జాబితాలో కనిపించేవి. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునేది అందుకే.

ఈ పద్ధతిలో చిక్కులు రెండు. 32 బిట్ కోడెక్ వేసి 64 బిట్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది కనిపించదు. ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది, జాబితాలో మాత్రం ఉండదు. చాలామంది టెన్షన్ పడి ప్యాక్ మీద ప్యాక్ వేసేది ఇక్కడే. రెండోది, ఏవీఐ ఫైల్లో వేరియబుల్ బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా అవసరాన్ని బట్టి మారేది) ఎంపీ3 పెడితే కొన్ని ప్లేయర్లలో పోనుపోను పెదాల కదలికకీ మాటకీ పొంతన తప్పుతుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దారి వేరు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తన ఎన్‌కోడర్లను తనలోనే పెట్టుకుంటుంది. విండోస్‌లో ఏ కోడెక్ ఉందో, ఏది లేదో దానికి అనవసరం. జిప్ విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే చాలు, వద్దనుకుంటే ఆ ఫోల్డర్ తీసేస్తే సరి. కమాండ్లు టైప్ చేయడం ఇబ్బంది అనుకునేవాళ్లకు బటన్లు నొక్కి వీడియోలు మార్చుకునే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లో అది ఏఏసీ కోసం వాడేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఎన్‌కోడర్‌నే. రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. హ్యాండ్‌బ్రేక్ వీడియోను తప్పనిసరిగా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. బొమ్మ బాగానే ఉంది, ఆడియో ఒక్కటే మార్చాలి అనుకుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో వీడియోను ఉన్నదున్నట్టు కాపీ చేయమని చెప్పొచ్చు. బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, పనీ త్వరగా అయిపోతుంది. నా ఓటు దీనికే.

ఇక ఏఏసీలోనే ఏ ఎన్‌కోడర్ అన్నది అసలు చర్చ. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ఏఏసీకి చాలాకాలం "ప్రయోగాత్మకం" అన్న ముద్ర ఉండేది. 2016లో వచ్చిన 3.0 వెర్షన్‌తో అది పోయింది. జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్ వాళ్ల ఎఫ్‌డీకే ఏఏసీకి మంచి పేరుంది కానీ, దాని లైసెన్స్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌తో పొసగదు. అందుకే మామూలుగా డౌన్‌లోడ్‌కి దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అది ఉండదు, సోర్స్ కోడ్ నుంచి సొంతంగా తయారు (కంపైల్) చేసుకోవాలి. ఆపిల్ ఏఏసీ చాలా బాగుంటుంది. మ్యాక్‌లో సిస్టమ్‌తోనే వస్తుంది. విండోస్‌లో కావాలంటే క్యూఏఏసీ అనే చిన్న సాధనంతో పాటు ఐట్యూన్స్‌తో వచ్చే ఆపిల్ ఫైళ్లూ ఉండాలి.

అంత శ్రమ అవసరమా అన్నది బిట్‌రేట్‌ని బట్టి ఉంటుంది. పెళ్ళి వీడియోలో మంగళవాద్యాలు వచ్చే చోట ఒక నిమిషం కోసుకుని సెకనుకు 96 కిలోబిట్లలో ఒకసారి, 192లో ఒకసారి చేసి, హెడ్‌ఫోన్స్‌తో వినండి. సన్నాయి కంటే డోలు, తాళాల దగ్గర చెవి పెట్టండి. తక్కువ బిట్‌రేట్‌లో ఒక్కోసారి దెబ్బ పడడానికి ముందే సన్నగా "స్స్" అన్నట్టు వినబడుతుంది, తాళం మోతలో పదును పోతుంది. ఎన్‌కోడర్ల మధ్య తేడా బయటపడేది ఇలాంటి చోటే. 192లో స్టీరియోకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ఏఏసీ సరిపోతుంది, మిగతా రెంటికోసం తిప్పలు పడక్కర్లేదు. యూట్యూబ్‌కి అప్‌లోడ్ చేసేటట్టయితే వాళ్లు స్టీరియోకి సూచించేది 384 కిలోబిట్లు, 48 కిలోహెర్ట్జ్. అక్కడ పిసినారితనం వద్దు, ఎలాగూ వాళ్లు మళ్లీ కుదిస్తారు.

తక్కువ బిట్‌రేట్‌లో మాత్రం ఓపస్‌కి సాటి లేదు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఈ ఉచిత కోడెక్, పాఠాలూ ప్రసంగాలూ లాంటి మోనో మాటలకు 32 కిలోబిట్లలోనూ స్పష్టంగా పలుకుతుంది. అయితే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టే ఎంపీ4లో ఓపస్ వద్దు. చాలా టీవీల్లో బొమ్మ ఆడుతుంది, ధ్వని రాదు. బంధువులకు పంచే ఫైలైతే ఏఏసీయే క్షేమం. డీవీడీ చేయాలంటే ఏఏసీ చెల్లదు, డీవీడీల్లో వాడే డాల్బీ ఆడియో అయిన ఏసీ3 తీసుకోండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఆ ఎన్‌కోడర్ కూడా ఉంది.

వీటన్నిటికంటే ముందు మీ ఫైల్లో ఉన్న ఆడియో ఏమిటో, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే సాధనంలో చూడండి. అది ఇప్పటికే ఏఏసీ అయ్యుంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకండి, ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. హ్యాండ్‌బ్రేక్ ఆడియో ట్యాబ్‌లో ఏఏసీ పాస్‌త్రూ ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.

కోడెక్ ప్యాక్ ఇంకా ఎవరికి కావాలంటే, డైరెక్ట్‌షో మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నవాళ్లకు. వాళ్లు సాఫ్ట్‌వేర్ 32 బిట్టా 64 బిట్టా చూసుకుని దానికి తగ్గ ఒక్క ప్యాకే వేసుకోవాలి. పాతది ఉంటే ముందు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్తది తయారీదారుల సైటు నుంచే దించుకోవాలి.