భుజం పట్టేసిందా? టవర్ క్లాక్ సందులోని ఫిజియో క్లినిక్ గురించి

నాది అనంతపురం, కదిరి రూటులో బస్సు నడుపుతాను. షుగర్ ఉంది. ఎడమ భుజం బిగుసుకుపోయి గేరు మార్చాలంటేనే ప్రాణం మీదికొచ్చేది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువట.

మొదట వెళ్లిన ఒక చోట కరెంటు ప్యాడ్లు అంటించి వాళ్ల ఫోన్ వాళ్లు చూసుకునేవారు. ఇక్కడి మేడం మిషన్ జోలికే పోలేదు. భుజం కీలులో ఎముకను చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా కిందికి, వెనక్కి జరుపుతారు. దీనికీ గ్రేడ్లున్నాయి. ఒకటి, రెండు నొప్పి తగ్గడానికి. మూడు, నాలుగు బిగువు వదలడానికి. ఆస్ట్రేలియా ఫిజియో జెఫ్రీ మెయిట్‌లాండ్ పెట్టిన లెక్క అది. న్యూజిలాండ్ ఆయన బ్రయన్ మల్లిగన్ పద్ధతి ఇంకోటి: ఆమె కీలును సర్ది పట్టుకుంటే, మనమే చెయ్యి ఎత్తాలి. నాకు బాగా పనిచేసింది ఇదే.

"ఒక్కసారి ఫట్‌మనిపించేయండి మేడం" అన్నాను. "అది మీకు పనికిరాదన్నా, ఇంట్లో ఎక్సర్‌సైజులు చేస్తున్నారా లేదా?" అని తగులుకున్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం టీచరమ్మే!

ఇప్పుడు గేరుకు ఇబ్బంది లేదు. చొక్కా వేసుకునేటప్పుడు ఇంకా కాస్త పట్టేస్తుంది.

క్లినిక్ రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎట్లా ఎక్కాలో! సాయంత్రం రద్దీ, పొద్దున్నే వెళ్లండి. షుగర్ రిపోర్టు అడుగుతారు.