విశ్వం ఆకారం: బెలూన్ కొలతా, ఉపగ్రహం కొలతా?

విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు వెలువడిన కాంతి ఇప్పుడు 2.725 కెల్విన్ల మైక్రోవేవ్ వికిరణంగా ఆకాశమంతటా పరుచుకొని ఉంది. అందులో అతి స్వల్పంగా వేడెక్కిన, చల్లబడిన మచ్చల అసలు పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు కనుక, అవి మనకు ఎంత కోణంలో కనిపిస్తున్నాయో కొలిస్తే అంతరిక్షపు వంపు తెలుస్తుంది. ఆ కోణం దాదాపు ఒక డిగ్రీ, అంటే రెండు పున్నమి చంద్రులను పక్కపక్కన పెట్టినంత ఉంటే విశ్వం సమతలం; ఎక్కువైతే బంతిలా మూసుకున్నది, తక్కువైతే గుర్రపు జీనులా విచ్చుకున్నది.

1998 డిసెంబరు చివర్లో అంటార్కిటికాలోని మెక్‌మర్డో పరిశోధన కేంద్రం నుంచి, ఈ వికిరణాన్ని కొలిచే టెలిస్కోప్‌తో ఎగిరిన బూమరాంగ్ బెలూన్, ధ్రువం చుట్టూ వీచే గాలుల మీద పదిన్నర రోజులు తేలి, బయలుదేరిన చోటికి దగ్గర్లోనే దిగింది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. మైక్రోవేవ్‌లను మింగేసే నీటి ఆవిరి చాలావరకు దానికి కిందనే ఉండిపోయింది. ఆకాశంలో సుమారు 3 శాతమే చూసినా, విశ్వం దాదాపు సమతలమని 2000లో తేల్చింది.

2009లో ప్రయోగించిన ప్లాంక్ ఉపగ్రహం 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఆకాశమంతటినీ పదే పదే చూసింది. గెలాక్సీల సర్వేలతో కలిపితే దాని కొలతలు వంపు విలువలోని అనిశ్చితిని సుమారు 0.2 శాతానికి కుదించాయి. ఈ కచ్చితత్వం బెలూన్‌కు అందనిదే. అయితే ప్లాంక్‌లోని సాలెగూటి ఆకారపు బోలోమీటర్ల (వికిరణం వల్ల కలిగే వేడిని పసిగట్టే పరికరాల) వంటివి అంతకుముందే బూమరాంగ్‌లో పనిచేశాయి కనుక, కొత్త పరికరాన్ని తక్కువ ఖర్చుతో పరీక్షించాలంటే నేను బెలూన్‌నే ఎంచుకుంటాను.