పోస్ట్‌గ్రెస్ ‘రిటర్నింగ్’ రివ్యూ: కొత్త రో ఐడీ కోసం రెండో క్వెరీ ఎందుకు?

రేటింగ్: 5కి 4.5

డేటాబేస్ టేబుల్‌లో కొత్త రో వేశాక (ఇన్సర్ట్) దాని ఐడీ కోసం ‘సెలెక్ట్ మ్యాక్స్ ఐడీ’ (అన్నిటికన్నా పెద్ద ఐడీ ఏది) అని రెండో క్వెరీ కొట్టడం అమీర్‌పేట ల్యాబ్‌లో ఒక్కరే కూర్చున్నంతసేపూ బాగానే నడుస్తుంది. అదే కోడ్ మాదాపూర్‌లో లైవ్‌కి వెళ్లి, ఒకే క్షణంలో ఇద్దరు ఆర్డర్ పెట్టారనుకోండి: కూకట్‌పల్లి కస్టమర్ అడిగిన దోసెలు దిల్‌సుఖ్‌నగర్ బిల్లులో పడతాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లోనూ ఏమీ కనబడదు. అందుకే ఈ బగ్ అంత తొందరగా దొరకదు.

దీనికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 8.2 వెర్షన్ (2006) నుంచే మందుంది. ఇన్సర్ట్ చివర ‘రిటర్నింగ్ ఐడీ, క్రియేటెడ్_ఎట్’ అని రాస్తే చాలు, రో పడటమూ ఐడీ చేతికి రావడమూ ఒకే స్టేట్‌మెంట్‌లో అయిపోతాయి. డీఫాల్ట్ విలువలు, బిఫోర్ ట్రిగ్గర్ (రో పడేముందు దానంతటదే నడిచే కోడ్) మార్చినవి కూడా వస్తాయి. ఆఫ్టర్ ట్రిగ్గర్ (రో పడ్డాక నడిచేది) చేసే మార్పులు మాత్రం ఇందులో కనిపించవు. వంద రోలు ఒకేసారి వేస్తే వంద ఐడీలూ వస్తాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ‘లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ’ కనెక్షన్‌కి విడిగా ఉంటుంది కాబట్టి భద్రమే, కానీ ఒకేసారి చాలా రోలు వేసినప్పుడు మొదటి ఐడీ ఒక్కటే ఇస్తుంది.

అర మార్కు ఎక్కడ పోయిందంటే, ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ (అదే విలువ ముందే ఉంటే ఏమీ చేయకు) దగ్గర. అదే ఫోన్ నంబర్‌తో కస్టమర్ ముందే ఉంటే రిటర్నింగ్ ఖాళీగా వస్తుంది, కోడ్ నల్ (ఖాళీ విలువ) మీద పడి ఆగిపోతుంది. చాలామంది ‘డూ అప్‌డేట్’ (ఉన్న రోనే మార్చు) పెట్టి అదే ఫోన్ నంబర్ మళ్లీ రాయిస్తారు. ఐడీ వస్తుంది నిజమే, కానీ ప్రతిసారీ రోకి కొత్త వెర్షన్ పుడుతుంది, అప్‌డేట్ ట్రిగ్గర్లూ పేలతాయి. ఖాళీ వచ్చినప్పుడు ఫోన్ నంబర్‌తో సెలెక్ట్ చేసుకోవడమే నయం.

జావావాళ్లకు ఒక మాట: డేటాబేస్‌తో మాట్లాడటానికి వాడే జేడీబీసీలో ‘రిటర్న్ జెనరేటెడ్ కీస్’ పెడితే పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ కాలమ్‌లన్నీ లాక్కొస్తుంది. కావాల్సిన కాలమ్ పేరు ఇవ్వండి. పైథాన్‌లో పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ అయిన సైకోపీజీ2లో ఫెచ్‌వన్‌తో ఐడీ వచ్చింది కదా అని కమిట్ (మార్పును ఖాయం చేయడం) మరిచిపోవద్దు. కనెక్షన్ మూయగానే రో మాయమవుతుంది, ఆ నంబర్ మాత్రం సీక్వెన్స్‌లోకి (ఐడీలు ఇచ్చే కౌంటర్) తిరిగి రాదు. ఇలా మధ్యలో ఖాళీలు పడతాయి కాబట్టి, వరుస తప్పకూడని జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబర్‌గా ఈ ఐడీని వాడకండి, దానికి వేరే కౌంటర్ టేబుల్ పెట్టుకోండి.

వేరే డేటాబేస్‌ల సంగతి: ఎస్‌క్యూలైట్ 3.35 (2021), మరియాడీబీ 10.5 నుంచి అక్కడా రిటర్నింగ్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘అవుట్‌పుట్ ఇన్సర్టెడ్’ వాడండి. టేబుల్‌పై ట్రిగ్గర్ ఉంటే మాత్రం దానికి ‘ఇంటూ’ (ఫలితాన్ని ఓ టేబుల్‌లోకి పంపేది) జతచేయాలి, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది.