పదకొండేళ్లు వాడిన ఇంగ్లిష్ నుడికారాల నిఘంటువు

నా నిఘంటువు అట్ట ఊడి ఆరేళ్లయింది. గ్రానైట్ క్రేట్లకు వేసే గోధుమరంగు టేపుతో అతికించి వాడుతున్నాను. 2014లో ఒంగోలు ట్రంక్ రోడ్డులోని ఒక దుకాణంలో 450 రూపాయలకు కొన్నాను. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం ఇంగ్లండులో తయారైనది. అర్థాలు కూడా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. పేరు చెప్పడం లేదు. ఈ తరహా నిఘంటువులన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి నా మెప్పూ ఫిర్యాదూ ఆ పద్ధతికే చెందుతాయి.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఎగుమతి కాగితాలు చూస్తాను. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రాయి మా సరుకు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, చెక్క క్రేట్లకు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, రేవుకు వెళ్లే కంటైనర్ వివరాలు, వీటన్నిటికీ కావలసిన ఇంగ్లిష్ నెలరోజుల్లో వచ్చేస్తుంది. ఏ ఫారానికి ఆ మాటలే. చిక్కంతా కొనుగోలుదారు ఫారం పక్కన పెట్టి మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే. టంగుటూరు మండలంలో తెలుగు మీడియంలో చదువుకున్న నాకు వ్యాకరణం బాగానే చెప్పారు. కర్మణి వాక్యాన్ని కర్తరిలోకి నిద్రలో అయినా మార్చగలను. ఆ విద్య అడిగిన కొనుగోలుదారు మాత్రం ఇంతవరకు తగలలేదు.

ఈ పుస్తకం కొనడానికి కారణం ఒక మెయిల్. డెలివరీ తేదీలు 'సెట్ ఇన్ స్టోన్' కావు అని యూరప్‌లోని ఒక కొనుగోలుదారు రాశాడు. మూడూ చిన్న మాటలు. అందులో రాయి మా రోజువారీ తిండి. స్లాబు అంచున బ్లాకు నంబరు రాయడం మా యార్డులో మామూలే కదా, తేదీ కూడా రాయలేదని ఈయన అలిగాడని అర్థం చేసుకున్నాను. యార్డు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి ప్రతి స్లాబు మీదా తేదీ వేయించమన్నాను.

"ఏ తేదీ అమ్మా? కోసిన తేదీనా, పాలిష్ పట్టిన తేదీనా?"

"సరుకు వెళ్లే తేదీ."

"అది ఇంకా ఖాయం కాలేదుగా?"

ఆయన నోటినుంచి వచ్చిన ఆ ప్రశ్నే ఆ ఇంగ్లిష్ ముక్కకు సరైన తెలుగు అని అప్పుడు నాకు తట్టలేదు. సుమారుగా ఒక తేదీ చెప్పాను. తెల్ల పెయింటుతో అన్ని అంచుల మీదా వేశారు. నేను గర్వంగా ఫొటో తీసి పంపాను. తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ అయినా తనకు ఇబ్బంది లేదని చెప్పడమే తన ఉద్దేశమని ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. మర్నాడు ఇద్దరు ఆడవాళ్లు సగం పూట కూర్చుని థిన్నర్‌తో ఆ తేదీలన్నీ తుడిచారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకు గుర్తుంది. ఆ ఆదివారమే ఒంగోలు వెళ్లి నిఘంటువు కొన్నాను.

ముందు మంచి చెబుతాను. అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే సూచనలే ఈ పుస్తకానికి ప్రాణం. 'సెట్ ఇన్ స్టోన్' దగ్గర 'ఎక్కువగా వ్యతిరేకార్థంలో వాడతారు' అని ఉంది. ఆ ముక్క నా సొంత తెలివితో ఎన్నటికీ పట్టుకునేదాన్ని కాదు. బ్రిటన్ వాడుక, అమెరికా వాడుక, పాతబడినది, వేళాకోళానికి అనేది, ఇలా ప్రతిదానికీ గుర్తు వేశారు. ఉదాహరణ వాక్యాలు కూడా నలుగురూ మాట్లాడుకునే వాక్యాల్లా ఉంటాయి. వెతకడం మాత్రం మొదట్లో తలనొప్పి. నాలుగు మాటల నుడికారాన్ని ఏ మాట కింద పెట్టారో తెలియక పుస్తకమంతా తిరగేసేదాన్ని. వెనక ఉన్న సూచిక చూడటం అలవాటయ్యాక ఆ బాధ తీరింది. సూచిక లేని నిఘంటువును ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నేనొక పని చేశాను. ఏదైనా నుడికారం నిజమైన మెయిల్‌లోనో ఫోన్ సంభాషణలోనో ఎదురైన ప్రతిసారీ పుస్తకంలో దాని పక్కన పెన్సిల్ చుక్క పెట్టాను. పదకొండేళ్లలో చుక్క పడినవి నూట నలభై దాకా ఉన్నాయి. అంత లావు పుస్తకంలో అంతే. 'కీప్ మీ పోస్టెడ్' (ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండండి) అనేదానికి ఎన్ని చుక్కలంటే అచ్చు అక్షరాలు కనబడవు. దాని తర్వాత 'ఆన్ ద సేమ్ పేజ్' (ఒకే మాట మీద ఉండటం), 'బాల్‌పార్క్ ఫిగర్' (ఉజ్జాయింపు లెక్క), 'టచ్ బేస్' (ఒకసారి పలకరించి మాట్లాడుకోవడం). ఏ బడిలోనైనా మొదట నేర్పే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'కు ఒక్క చుక్కా లేదు. మా ప్రకాశం జిల్లాలో వాన పడటమే గగనం, ఇక కుక్కలూ పిల్లులూ ఎక్కడివి?

వాన అంటే గుర్తొచ్చింది. ఒకసారి మే నెలలో బ్లాకులు చూసుకోవడానికి ఒక అమెరికన్ వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి రమ్మని మా యజమాని పిలిస్తే, ఆయన చిరునవ్వుతో 'రెయిన్ చెక్' తీసుకుంటానన్నాడు. యజమాని చెవిలో 'చెక్' ఒక్కటే పడింది. నా వైపు వంగి, "చెక్కు ఇప్పుడే ఇస్తానంటున్నాడా?" అని అడిగారు. అమెరికాలో 1880ల నాటి బేస్‌బాల్ మాట అది. వాన వల్ల ఆట ఆగిపోతే అదే టికెట్ ముక్కతో మరోరోజు రావచ్చు. అందుకే ఇప్పుడు కాదు, మరోసారి తప్పకుండా వస్తాను అని మర్యాదగా తప్పుకోవడానికి వాడతారు. 'బాల్‌పార్క్ ఫిగర్' కూడా ఆ మైదానం నుంచి వచ్చినదే. మనకు క్రికెట్ అంటే ప్రాణం కాబట్టి ఇరకాటాన్ని చెప్పే 'స్టిక్కీ వికెట్' చెప్పకుండానే అర్థమవుతుంది కానీ బేస్‌బాల్ మాటలు ఒక్కొక్కటీ పాఠంలా నేర్చుకోవలసిందే. ఈ పుట్టుపూర్వోత్తరాలు నా నిఘంటువులో కొన్నిటికే ఉన్నాయి. కథ తెలిసిన మాట మళ్లీ మరిచిపోలేదు కాబట్టి అన్నిటికీ ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇక అసలు ఫిర్యాదు. ఈ పుస్తకం నేను తడబడ్డానని నాకు తెలిసినప్పుడే పనికొస్తుంది. వింత మాట కనబడితే ఎవరైనా ఆగి వెతుకుతారు. ముంచేవి వింత మాటలు కావు, మఫ్టీలో తిరిగే పోలీసుల్లాంటి మాటలు. తెలిసిన మొహమే కదా అని పక్కనుంచి వెళ్లిపోతాం.

రంగు తేడా వచ్చిందని ఒక కంటైనర్ మీద క్లెయిం పడింది. ఆ క్లెయింను 'టేబుల్' చేద్దామని అమెరికా నుంచి మెయిల్ వచ్చింది. బల్ల మీద పెట్టడమంటే చర్చకు తీసుకోవడమే కదా. మన అసెంబ్లీలో పత్రాలు సభ ముందు బల్ల మీద పెట్టడం రోజూ పత్రికల్లో చదివేదే. ఫొటోలు, ల్యాబు నివేదిక, పాత మెయిళ్లు అన్నీ కట్టగట్టి రాత్రి పన్నెండు దాకా కూర్చుని పంపాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. బ్రిటన్‌లో ఆ మాటకు చర్చకు తేవడమని అర్థం, అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెట్టడమని. అదే మాట, అర్థం తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట మీద బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారనీ, తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటేననీ చర్చిల్ రాశాడు. వాళ్లకే తప్పలేదని తెలిశాక నా నిద్ర చెడినందుకు కొంత ఊరట కలిగింది. నా నిఘంటువులో ఈ మాట లేదు. ఉన్నది ఒక్క మాటే కాబట్టి నుడికారం కాదని వదిలేశారేమో.

దీనికన్నా ఘోరం మన సొంత ఇంగ్లిష్. ఇన్‌వాయిస్‌లో ఏ బ్యాంకు ఖాతా చూపాలో తెలియక, చెల్లింపు విషయంలో నాకొక 'డౌట్' ఉందని ఒక కొత్త కొనుగోలుదారుకు రాశాను. తరగతిలో చెయ్యెత్తి అడిగే సందేహం మనకు డౌట్. ఆయనకు మాత్రం అనుమానం. తాను డబ్బు ఎగ్గొడతానని నేను అనుమానిస్తున్నానని చదువుకుని, పాత చెల్లింపుల రుజువులన్నీ జత చేసి బిగుసుకుపోయిన జవాబు పంపాడు. 'డూ ద నీడ్‌ఫుల్' అంటే అక్కడి కుర్రవాళ్లకు తాతలనాటి దఫ్తరు భాష. 'పాస్డ్ ఔట్' అంటే వాళ్లకు ముందు గుర్తొచ్చేది స్పృహ తప్పడం. మనం మాత్రం కాలేజీ నుంచి 'పాస్డ్ ఔట్' అని బయోడేటాలో సగర్వంగా రాసుకుంటాం. 'ఔట్ ఆఫ్ స్టేషన్' అన్నా వాళ్లకు రైలు స్టేషనే గుర్తొస్తుంది. ఇక్కడ మనం మనం మాట్లాడుకునేటప్పుడు వీటిలో తప్పేమీ లేదు, నేనూ మానలేదు. సముద్రం దాటే మెయిల్‌లోనే జాగ్రత్త పడాలి. ఈ పట్టిక మాత్రం నా నిఘంటువు ఏ పుటలోనూ ఇవ్వలేదు.

మరొక లోపం వేడి. అర్థం చెబుతుంది కానీ ఆ మాట ఎంత వేడిగా తగులుతుందో చెప్పదు. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' మర్యాదగా విభేదించే మాట అని రాసి ఉంది. తూచా తప్పకుండా ఒక పెద్దాయనకు వాడాను. మన 'మీరు పెద్దవారు, మీకు తెలియనిది కాదు' అన్న ధోరణి అనుకున్నాను. అది పోట్లాటకు ముందు చేతులు మడిచే మాటలా వినబడుతుందని ఆయన జవాబు చూశాక తెలిసింది.

పుస్తకంతో పాటు వాడిన వాటి గురించి రెండు మాటలు. ఫోనులో ఒక యాప్ ఎనిమిది నెలలు వాడి తీసేశాను. రోజుకో నుడికారం, దానికి యంత్రం చేసిన తెలుగు. 'బ్రేక్ ఎ లెగ్'కు 'కాలు విరగ్గొట్టు' అని ఇచ్చింది. రంగస్థలం ఎక్కబోయే నటుడికి చెప్పే శుభాకాంక్ష అని ఎక్కడా లేదు. పైగా ఒకరోజు తప్పితే నేనేదో నేరం చేసినట్టు గంటలు మోగించేది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వారి చిన్న పాఠాలు మాత్రం ఇప్పటికీ వింటాను. 1943 నుంచి ఇంగ్లిష్ నేర్పుతున్న విభాగం అది. ఒక నుడికారాన్ని ఇద్దరు మాట్లాడుకుంటూ మూడు నిమిషాల్లో వివరిస్తారు. ఎక్కడ అనకూడదో కూడా చెబుతారు. ఒంగోలు నుంచి చీమకుర్తికి కర్నూలు రోడ్డు మీద బస్సులో వెళ్లేలోగా నాలుగైదు అయిపోతాయి. టిప్పర్ల హోరులో రెండోసారి వినవలసి వస్తుంది, అదీ మంచిదే.

నెల్లూరులో ఉండే మా తమ్ముడి కూతురు ఐఈఎల్‌టీఎస్ రాయబోతోంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష అది, మార్కులు బ్యాండ్లుగా ఇస్తారు. శిక్షణ కేంద్రంలో మూడు వందల నుడికారాల జిరాక్సు కట్ట ఇచ్చారట. సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడించి చూశాను. సినిమాకు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' వెళ్తుంది, చేపల పులుసు 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' తింటుంది, వాళ్ల నాన్న 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' తిడతాడు.

"అత్తా, నుడికారాలు వాడితే ఏడో బ్యాండు వస్తుందన్నారు."

"వాడమన్నారు, గుమ్మరించమనలేదు. నెల్లూరులో ఉంటూ చేపల పులుసు అంత అరుదుగా తింటావంటే ఎవరు నమ్ముతారే?"

మాట్లాడే పరీక్షకు ఏడో బ్యాండు కొలమానంలో నుడికారపు పలుకుబడి ప్రస్తావన ఉన్న మాట నిజమే. అయితే అక్కడే అది తగినట్టుగా ఉందా అని కూడా చూస్తారు. పిల్లకు ఆ రెండో ముక్క ఎవరూ చెప్పలేదు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది నిఘంటువు పక్కన పెట్టుకున్న రెండు వందల పేజీల నోటుపుస్తకం. ఎదురైన వాక్యం మొత్తం రాస్తాను, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో రాస్తాను, చివర దానికి తెలుగు తోబుట్టువు. 'బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్' దగ్గర అడకత్తెరలో పోకచెక్క అని రాసుకున్న రోజు ఎంత సంతోషమో! 'బీట్ అరౌండ్ ద బుష్'కు డొంకతిరుగుడు ఉండనే ఉంది, అటు పొదా ఇటు డొంకా. మొసలి కన్నీరు రెండు భాషల్లోనూ కారుతుంది. ఇంగ్లండులో బొగ్గుకు పేరుపడ్డ న్యూకాజిల్‌కే బొగ్గు మోసుకెళ్లడం అనే సామెత దగ్గర, చీమకుర్తికి రాయి మోసినట్టు అని నేనే కల్పించి రాసుకున్నాను. మా యార్డులో ఇప్పుడు దాన్ని అందరూ వాడుతున్నారు. అసలు ఇంగ్లిష్ సామెతకు మాత్రం ఇంతవరకు పెన్సిల్ చుక్క పడలేదు. తోబుట్టువు దొరకనివి కూడా ఉన్నాయి. 'రెయిన్ చెక్' ఎదుట ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

కొనేవాళ్లకు నా సలహా: తెలుగు అర్థాలతో వచ్చే 'వెయ్యిన్నొక్క నుడికారాలు' తరహా పుస్తకాలు వద్దు. వాటిలో సగం ఇంగ్లండులోనే ఎవరూ అనరు. వాడుక గుర్తులు, సూచిక రెండూ ఉన్న పెద్ద నిఘంటువే తీసుకోండి, పాతదైనా ఫర్వాలేదు. 'పుట్ ఆఫ్', 'కాల్ ఆఫ్' లాంటి క్రియలకు వేరే పుస్తకం కావాలి, ఇందులో అరకొరగానే ఉంటాయి. ఒకటి వాయిదా, రెండోది రద్దు. కంటైనర్ బుక్ చేశాక వాటి తేడా తెలియకపోతే డబ్బుతో పని.

ప్రస్తుతం నిఘంటువు నెల్లూరులో ఉంది. చుక్కలున్న నూట నలభై మాత్రమే చదవమని చెప్పి పంపాను. నోటుపుస్తకం కూడా అడిగింది కానీ ఇవ్వలేదు. సోమవారం మెయిల్‌లో వచ్చిన రెండు ముక్కలు అందులో ఇంకా ఎక్కించాలి.